పదకొండు సి-17లు ఉంటే ఒక్క రాత్రిలో బ్రిగేడును సముద్రం దాటించగలమా?

మన వాయుసేన వద్ద 11 సి-17 భారీ రవాణా విమానాలున్నాయి, ఒక్కొక్కటి 70 టన్నుల దాకా మోస్తుంది, అలాంటప్పుడు ఒక బ్రిగేడును (సాధారణంగా మూడు బెటాలియన్ల దళం) ఒకే రాత్రిలో విదేశంలో దింపలేమా అని మీరు అడిగారు. రవాణా విమానాల్లో సరుకు ఎక్కించే పనిలోనే నా సర్వీసు చాలావరకు గడిచింది కనుక, ఆ గుణకారం కాగితం మీద కుదిరినట్టు టార్మాక్ (విమానాలు నిలిపే చోటు) మీద కుదరదని చెప్పగలను.

70 టన్నులతో సి-17 సుమారు 4,200 కిలోమీటర్లు వెళుతుంది. 9,000 కిలోమీటర్లు పోవాలంటే బరువును 40 టన్నులకు తగ్గించుకోవాలి. పక్క గోడల సీట్లకు తోడు మధ్యలో కూడా సీట్లు బిగిస్తే 134 మంది జవాన్లు కూర్చుంటారు. అంటే 800 మంది ఉన్న బెటాలియనుకు మనుషులకే ఆరు విమానాలు కావాలి. వాహనాలు, మందుగుండు, రేషన్ల సంగతి ఆ తర్వాత. పైగా పదకొండూ ఒకేరోజు ఎగరడానికి సిద్ధంగా ఉండవు, కొన్ని ఎప్పుడూ మరమ్మతుల్లో ఉంటాయి.

అసలు సమయం తినేది లోడింగ్. ప్రతి వాహనానికీ ఇరుసువారీగా బరువు తూచి, విమానం గురుత్వ కేంద్రం చెదరకుండా ఏది ఎక్కడ నిలపాలో లెక్కకట్టి, గొలుసులతో బిగించాలి. ఒక విన్యాసంలో ఒక యూనిట్ ఇచ్చిన పట్టికలోని జీపుల బరువులు చూసి నాకు అనుమానం వచ్చి తూయిస్తే, సీట్ల కింద విడిభాగాల పెట్టెలు, గుడారాలు, చివరికి ఒక బియ్యం బస్తా కూడా బయటపడ్డాయి. మళ్లీ లెక్కలు వేసి ఎక్కించేసరికి తెల్లవారింది. వారిని తప్పుపట్టను, దిగాక వండుకు తినాలి కదా!

1988 నవంబరు 3న మాల్దీవుల అధ్యక్షుడు గయూమ్ తనపై జరిగిన తిరుగుబాటును అణచడానికి సాయం కోరితే, ఆగ్రా నుంచి బయలుదేరిన ఐఎల్-76 రవాణా విమానాలు అదే రాత్రి 2,000 కిలోమీటర్లకు పైగా దూరంలో, అక్కడి విమానాశ్రయం ఉన్న హుల్‌హులే దీవిలో పారాట్రూపర్లను దింపాయి. నేను చేరేనాటికి అది మా సీనియర్లు గర్వంగా చెప్పుకునే కథ. అయితే వెళ్లింది తేలికపాటి ఆయుధాలతో ఉన్న కొన్ని వందల మంది మాత్రమే, విమానాశ్రయం తిరుగుబాటుదారుల చేతిలో లేదు. రన్‌వేకు అడ్డంగా ఒక్క లారీ నిలిపి ఉంటే కథ మరోలా ఉండేది.

మీరు ఏ దేశాన్ని దృష్టిలో ఉంచుకుని అడిగారో, అక్కడి విమానాశ్రయంలో పెద్ద విమానాలు ఒకేసారి ఎన్ని నిలపవచ్చో చెబితే, రాత్రికి ఎన్ని ట్రిప్పులు పడతాయో అంచనా వేసి చెబుతాను.