తాళం చెవి ఎవరి దగ్గరుంది? రికార్డు గదులు, మ్యూజియాలపై పాఠకుల ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల చిన్న మ్యూజియాలు, గ్రంథాలయాలు, ట్రస్టుల రికార్డు గదుల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

ప్రశ్న: మూడు పాత జిల్లాల్లోని చిన్న మ్యూజియాలకు, దస్త్రాల గదులకు సాయం చేసే ప్రాంతీయ కార్యాలయానికి ఈమధ్యే ఇన్‌ఛార్జిగా వచ్చాను. నాతో కలిపి ముగ్గురం, ఒక జీపు. ఈ ఏడాదే అన్నీ డిజిటల్ చేసేయమని పైనుంచి ఒత్తిడి. ఎక్కడ మొదలుపెట్టాలి?
– అనంతపురం

జవాబు: స్కానర్‌తో మాత్రం కాదు. ముందు జాబితా, తర్వాత మిద్దె, ఆపైన చెదలు. స్కానర్ వంతు వీటన్నిటి వెనకే.

మొదటి మూడు నెలల్లో ప్రతి సంస్థకూ ఒకసారి స్వయంగా వెళ్ళి రండి. ప్రొఫార్మా పోస్టులో పంపితే ‘అంతా సవ్యంగా ఉంది’ అని నింపి తిప్పి పంపుతారు. ఆ కాగితం ఫైల్లో పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. కర్నూలు నుంచి అనంతపురమే దాదాపు 150 కిలోమీటర్లు, కాబట్టి రోజుకు రెండు చోట్లకు మించి పెట్టుకోకండి. ఒక్కోచోట సగం పూటైనా కూర్చుంటేగానీ అసలు సంగతి బయటికి రాదు. జీపులో టార్చి, టేపు, వేడిని, తేమను చూపే చిన్న డిజిటల్ మీటర్, 2బి పెన్సిళ్ళు, జిప్ కవర్లు, మెత్తటి బ్రష్, మాస్కులు, పురుగులు అంటుకునే జిగురు అట్టలు ఉండాలి.

వెళ్ళగానే అడగాల్సింది: తాళం చెవి ఎవరి దగ్గరుంది, రెండోది ఎక్కడుంది? సెలవులో ఉన్న అటెండరు ఇంట్లో ఉందంటే, రాత్రి వాన పడి మిద్దె కారినా ఆ గది తెరిచే దిక్కు లేదన్నమాట. తర్వాత రిజిస్టర్ చూపించమనండి. చాలాచోట్ల కుర్చీలు, ఫ్యాన్లు రాసిన స్టాక్ రిజిస్టర్లోనే ‘రాతి విగ్రహాలు – 42’ అని ఒక్క లైను ఉంటుంది. అందులో ఒక విగ్రహం పోయి, దాని స్థానంలో ఇంకో రాయి వచ్చినా లెక్క 42గానే ఉంటుంది. అందుకే వస్తువులకు విడిగా అక్సెషన్ రిజిస్టర్, అంటే సేకరణలో చేరిన ప్రతి వస్తువునూ రాసుకునే పుస్తకం పెట్టించండి. అది బైండు చేసినదై ఉండాలి. ప్రతి పేజీకీ నంబరు వేసి, మొత్తం ఎన్ని పేజీలో మొదటి పేజీలో రాసి సంతకం పెట్టించాలి. వస్తువుకో నంబరు. ఆ వస్తువు పోయినా సరే, దాని నంబరు ఇంకో వస్తువుకు ఇవ్వకూడదు. ఎప్పుడు వచ్చింది, ఎవరిచ్చారు, దానమా కొనుగోలా తవ్వకంలో దొరికిందా, దేనితో చేసింది, కొలతలు, విరిగిన చోట్లు, ఏ అరలో ఉంది, ఫోటో నంబరు ఎంత అనేవి తప్పనిసరి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం, తేదీ వేయాలి. వైట్‌నర్ వాడారంటే ఆ పేజీని ఎవరూ నమ్మరు.

రాయి, లోహం మీద నంబరు నేరుగా పెయింటుతో రాయించకండి. పారలాయిడ్ బి-72 అనే రెజిన్‌ను అసిటోన్‌లో కరిగించి, కనపడని మూల చిన్న పట్టీగా పూయాలి. ఆరాక దాని మీద ఇంకుతో నంబరు రాసి, పైన ఇంకో పూత వేయాలి. ఎప్పుడైనా అసిటోన్‌తో తుడిస్తే వచ్చేస్తుంది, వస్తువుకు మచ్చ పడదు. కాగితానికైతే పెన్సిలే.

తర్వాత మిద్దె ఎక్కండి. కింద గదిలో మరక కనిపించేసరికి మిద్దెలోకి నీరు దిగి చాలాకాలమై ఉంటుంది. నీళ్ళు పోయే గొట్టాలు ఆకులతో పూడాయా, రికార్డు గదికి సరిగ్గా పైన నీళ్ళ ట్యాంకు ఉందా, కరెంటు మీటరు బోర్డు బీరువా వెనక ఉందా చూడండి. మన దగ్గర వానలు రెండు దఫాలు, కడప వైపు అక్టోబరు, నవంబరు వానలకూ తడుస్తుంది. కాబట్టి మిద్దె తనిఖీ మేలో ఒకసారి, సెప్టెంబరు ఆఖరున మరోసారి పెట్టుకోవాలి.

చూసొచ్చాక సంస్థలను మూడు రకాలుగా విడదీయండి: ఈ వానలకే ఏదో ఒకటి పోయేవి, రెండుమూడేళ్ళు ఆగగలిగేవి, సొంతంగా నడవగలిగేవి. మొదటి ఏడాది డబ్బులో ఎక్కువ వాటా మొదటి రకానికే పోవాలి. ఇక్కడే కార్యాలయాలు దారి తప్పుతాయి. బాగా నడిచే సంస్థలు చక్కని ఉత్తరాలు రాస్తాయి, కొటేషన్లు వేళకు పంపుతాయి, గ్రాంటు వాటికే పోతుంది. మిద్దె కారే చోట ఉత్తరం రాసే మనిషే ఉండడు. అక్కడి ఉత్తరం మీరే రాయాలి.

బదిలీల వేళ బాధ్యతలు అప్పగించే ఛార్జి లిస్టు మీద రెండు సంతకాలు పడితే చాలదు. పదింట ఒక వస్తువును ఎంచుకుని రిజిస్టర్లో చూసి అరలో వెతకండి, అంతే సంఖ్యలో అరలోంచి తీసి రిజిస్టర్లో వెతకండి. మొదటిదాంట్లో పోయినవి, రెండోదాంట్లో రాయకుండా వదిలేసినవి తేలతాయి. 2022లో జిల్లాలు విడిపోయాక మ్యూజియం ఒక జిల్లాలో, దాని స్థలం ఫైలు ఇంకో కలెక్టరేటులో ఉండే అవకాశం ఉంది. అదీ ఈ విడతలోనే తేల్చుకోండి.

పైవాళ్ళకు ఏం చెప్పాలంటారా? ముందుగా అక్సెషన్ రిజిస్టర్ల పేజీలన్నీ ఫోటోలు తీసి పంపండి. అదీ డిజిటల్ పనే, అన్నిటికన్నా అవసరమైనది కూడా.

ప్రశ్న: మా గ్రంథాలయంలో గోడలోకి దిగేసిన కడప బండల అరల్లోనే తాటాకు ప్రతులు, పాత దస్త్రాలు ఉన్నాయి. చెదలు పడుతున్నాయి. బండలు తీసేసి ఇనుప ర్యాకులు కొనాలా?
– ప్రొద్దుటూరు

జవాబు: తప్పు బండది కాదు, గోడది. బండ గోడలోకి దిగిన అతుకు దగ్గర సన్నటి సందు ఉంటుంది. పునాదిలోంచి పైకొచ్చిన చెదలు ఆ సందులోంచి నేరుగా కట్టల వెనక్కి చేరతాయి. ముందునుంచి చూస్తే దస్త్రం నిక్షేపంగా ఉంటుంది, చేత్తో లాగితే అట్ట మాత్రమే వస్తుంది. పైగా వానకు తడిసే గోడైతే ఆ తేమ కట్టల వీపుకు తగులుతుంది.

బండలు పగలగొట్టక్కర్లేదు. అతుకులను సిమెంటుతో పూడ్పించండి. ప్రతి అర వెనక గోడకు మూడంగుళాల ఎడం ఉండేలా అల్యూమినియం పట్టీ అడ్డం బిగించండి. అర లోతు చాలకపోతే ఆ కట్టలను మాత్రం ఇనుప ర్యాకులకు మార్చండి. అన్నిటికన్నా కింది అర ఖాళీగా వదిలేయండి. బండ అంచు పదునుగా ఉంటే రాయితో గుండ్రంగా రుద్దించండి. దస్త్రాల బైండింగులు చిరిగేది ఎక్కువగా అక్కడే.

చెదల మందుకు కొటేషన్ పిలిచేటప్పుడు ‘ఐ.ఎస్. 6313 మూడో భాగం ప్రకారం’ అని రాయండి. కట్టేసిన భవనాలకు వర్తించే ప్రమాణం అదే. నేల, గోడ కలిసే చోట 12 మిల్లీమీటర్ల రంధ్రాలు 30 సెంటీమీటర్లకొకటి చొప్పున వేసి, మందు లోపలికి ఎక్కించి మూయాలి. ఇది రాయకపోతే పైపైన పిచికారీ కొట్టి బిల్లు పెడతారు. మందు వేసే ముందు దస్త్రాలన్నీ బయటికి తరలించండి. కాగితం మీద, తాటాకు మీద మందు పడకూడదు.

ఇక తాటాకులు. తాడు విప్పే ముందే కట్టకు ఫోటో తీసి, ఆకుల వరస చెదరకుండా మధ్యమధ్య నంబరు చీటీలు పెట్టండి. మెత్తటి బ్రష్‌తో ఆకు పొడవునా దుమ్ము దులపాలి, అడ్డంగా కాదు. గంటంతో గీసి మసి పూసిన ఆకైతే, ఒక మూల పరీక్షించి చూశాక, ఇథైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపిన దూదితో తుడవచ్చు. ఇంకుతో రాసినదైతే దూది దగ్గరకే రానివ్వకండి. పెళుసెక్కిన ఆకుకు సిట్రొనెల్లా నూనె పలచగా పూస్తారు. కొబ్బరినూనె, కిరసనాయిలు వద్దు. వాటి జిడ్డు దుమ్మును పట్టుకుంటుంది, ఆకు నల్లబడుతుంది. అతుక్కుపోయిన ఆకులను బ్లేడుతో విడదీయకండి, అది నిపుణుల పని. తాడు బిగించి కడితే రంధ్రం దగ్గర ఆకు చీలుతుంది. ఆకులకన్నా కాస్త పెద్ద చెక్కలు పైనా కిందా పెట్టి, నూలు తాడుతో కదలనంతగా మాత్రమే కట్టాలి. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంలో తాళపత్రాలున్నాయి. ఒకసారి వెళ్ళి కట్టలు ఎలా పెట్టారో చూసిరండి.

ప్రశ్న: వేసవిలో రికార్డు గదిలో కూలర్ పెట్టొచ్చా?
– గుత్తి

జవాబు: వద్దు. మే నెల మధ్యాహ్నం మన గాలిలో తేమ బాగా తక్కువ. కూలర్ పెట్టగానే గదిలో అది అమాంతం పైకి లేస్తుంది, రాత్రి ఆపగానే పడిపోతుంది. కాగితం, తాటాకు, తోలుబొమ్మ ఉబ్బుతూ కుంచించుకుంటూ చివరికి పగులుతాయి. పగలు నడిపి రాత్రి ఆపేసే ఏసీ కూడా ఇదే పని చేస్తుంది. ఎండ తగిలే కిటికీకి మందపాటి తెర, మిద్దెకు తెల్లటి కూల్ రూఫ్ పెయింటు, గాలి ఆడటానికి నెమ్మదిగా తిరిగే ఫ్యాను చాలు. కూలర్ చదువుకునే గదిలో పెట్టుకోండి, మధ్య తలుపు మూసి ఉంచండి.

ప్రశ్న: ఒక దాత స్కానింగ్‌కు డబ్బిస్తామంటున్నారు. మా దగ్గర లక్ష పేజీలుంటాయి. ఏం కొనాలి?
– కడప

జవాబు: స్కానర్ ధర అడిగే ముందు డిస్కు ధర అడగండి. ఎ4 పేజీని 300 పీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు), రంగుల్లో, కుదించని టిఫ్ ఫోటో ఫైలుగా తీస్తే సుమారు 26 ఎంబీ, 400 పీపీఐలో 46 ఎంబీ. లక్ష పేజీలంటే 300 దగ్గరే 2.6 టీబీ. మూడు ప్రతులు కావాలి: రెండు వేర్వేరు డిస్కుల్లో, మూడోది వేరే ఊళ్ళో. మీ ప్రాంతీయ కార్యాలయం ఆ మూడో ప్రతిని దాచగలదేమో అడగండి. అలాంటి కార్యాలయం చేయదగ్గ పనుల్లో ఇదొకటి.

బైండు పుస్తకాలను ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద బోర్లించి నొక్కితే వీపు విరుగుతుంది. పైనుంచి ఫోటో తీసే స్టాండు, పుస్తకాన్ని సగమే తెరిచి ఆనించే వి-ఆకారపు దిమ్మె కావాలి. ఒక ఆపరేటరు రోజుకు 400 పేజీలు జాగ్రత్తగా తీస్తే లక్షకు 250 పనిదినాలు. వెయ్యి తీస్తానన్నవాడు పేజీలు వదిలేస్తాడు, వేళ్ళు కూడా ఫోటోలో పడతాయి. ఫైలు పేరులో సంస్థ కోడ్, రిజిస్టర్ నంబరు, పేజీ నంబరు ఉంటే చాలు. నంబరు ముందు సున్నాలు పెట్టండి, లేకపోతే 10వ పేజీ 2వ పేజీకన్నా ముందొచ్చి కూర్చుంటుంది. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో తేల్చే గుర్తు) తీసి ఉంచుకుని, ఏడాదికోసారి సరిచూడండి. డిస్కు చెడిపోయేటప్పుడు చెప్పి చెడిపోదు.

ప్రశ్న: 2009 అక్టోబరు వరదలాంటిది మళ్ళీ వస్తే మా ట్రస్టు లెక్కల పుస్తకాలు ఎలా కాపాడుకోవాలి? గది కిందే ఉంది.
– కర్నూలు

జవాబు: మొదట చేయాల్సింది గది మార్చడం. కుదరకపోతే విలువైనవైనా మొదటి అంతస్తుకు చేర్చండి. అది చేయకుండా కింద చెప్పినవన్నీ చేసినా సగమే దక్కుతాయి.

తడిసిన కాగితానికి 48 గంటలే గడువు, ఆపైన బూజు. లోపలికి వెళ్ళే ముందు కరెంటు మెయిన్ ఆపించండి. పుస్తకం తెరవకండి. బురద పట్టిందైతే మూసే పట్టుకుని శుభ్రమైన నీళ్ళ తొట్టిలో ముంచి కడగొచ్చు, కానీ ఇంకు కారే పుస్తకాలను, ఫోటోలు అతికినవాటిని కాదు. వారంలో ఆరబెట్టగలిగినన్నే బయట ఉంచి, మిగతావి పాలిథిన్ కవర్లలో చుట్టి మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. ఐస్‌క్రీమ్ డీలర్ల దగ్గర అవి ఉంటాయి. చింతపండు దాచే కోల్డ్ స్టోరేజి ఇందుకు చాలదు, అది చల్లబరుస్తుందే తప్ప గడ్డకట్టించదు. ఆరబెట్టేవాటిలో పది పదిహేను పేజీలకొకటి చొప్పున బ్లాటింగ్ పేపరు పెట్టి, తడవగానే మార్చాలి. ఫ్యాను గాలి గదిలో తిరగాలి గానీ పుస్తకం మీదకు కొట్టకూడదు. ఎండ, ఇస్త్రీపెట్టె రెండూ వద్దు.

ప్రాంతీయ కార్యాలయాలకూ ఒక మాట: వరద సామాను ముందే ఒకచోట కట్టి ఉంచండి. 500 షీట్ల బ్లాటింగ్, అచ్చు వేయని న్యూస్‌ప్రింట్, రంధ్రాల ప్లాస్టిక్ క్రేట్లు 20, పాలిథిన్ రోలు, తాడు, ట్యాగులు, గ్లవుజులు. వరద వచ్చిన రోజు బజారులో ఇవేవీ దొరకవు.

ప్రశ్న: మా సొసైటీ నడిపే మ్యూజియానికి కేంద్ర గ్రాంటు అడుగుదామంటే ప్రతిసారీ ఏదో ఒక కొర్రీ వేస్తున్నారు.
– హిందూపురం

జవాబు: కేంద్ర సాంస్కృతిక శాఖ మ్యూజియం గ్రాంటు పథకానికి వెళ్ళే దరఖాస్తులు వస్తువుల విలువ దగ్గర ఆగవు, కాగితాల దగ్గరే ఆగుతాయి. సొసైటీ రిజిస్ట్రేషన్, ఆడిట్ అయిన లెక్కలు, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్ నంబరు, కేంద్రం డబ్బు పంపే పీఎఫ్ఎంఎస్ వ్యవస్థలో బ్యాంకు ఖాతా, భవనం మీదేననో దీర్ఘకాలపు లీజు ఉందనో చూపే పత్రం, వస్తువుల జాబితా జత చేయాలి. అన్నిట్లో సొసైటీ పేరు ఒకేలా ఉండాలి. ‘శ్రీ’ ఒకచోట ఉండి ఒకచోట లేకపోయినా కొర్రీయే. పాత గ్రాంటు ఏదైనా తీసుకుని ఉంటే దాని వినియోగ ధ్రువపత్రం కేంద్ర ఆర్థిక నియమాల్లోని జీఎఫ్ఆర్ 12-ఎ నమూనాలో, ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు వెళ్ళాలి. అది పెండింగులో ఉంటే కొత్తది కదలదు. ప్రాజెక్టు ఖర్చులో మీ వాటా ఎక్కడినుంచి తెస్తారో కూడా ముందే రాసి పెట్టుకోండి.

ప్రశ్న: దానంగా వచ్చిన రాగి శాసనాలను చింతపండుతో తోమితే అక్షరాలు బాగా కనపడతాయంటున్నారు. నిజమేనా?
– జమ్మలమడుగు

జవాబు: ఆ పూటకు కనపడతాయి. పులుపు పై పొరను, దాంతోపాటు అక్షరాల అంచులను తినేస్తుంది. చదవడానికి చీకటి గదిలో టార్చిని పక్కనుంచి, రేకుకు దాదాపు ఆనించి వేయండి. గీతలు నీడలతో లేచి కనపడతాయి, ఫోటో కూడా అప్పుడే తీయండి. రేకులను కలిపి ఉంచే, ముద్ర ఉన్న కడియాన్ని కోయకండి. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది క్లోరైడ్ తెగులు, అంటే లోహాన్ని తినేసే తుప్పు. ఆ రేకును విడిగా గాలి చొరని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్‌తో, తేమ 40 శాతం లోపు ఉండేలా పెట్టి నిపుణులకు చూపించండి.

ప్రశ్న: పొలం దున్నుతుంటే కుండలో నాణేలు దొరికాయని ఒక రైతు మా మ్యూజియానికి తెచ్చిచ్చారు. తీసుకోవచ్చా?
– పత్తికొండ

జవాబు: నేరుగా తీసుకోకూడదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే చాలు, దొరికినవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. ఏం దొరికింది, సుమారు విలువెంత, ఎక్కడ, ఏ రోజు అనేవి అందులో ఉండాలి. రైతుతో కలిసి ఆ అర్జీ మీరే రాసిపెట్టండి, తహసీల్దారుకు కూడా కబురు చెప్పండి. ఈలోగా నాణేలను కడగకండి. కుండ పెంకులు, అంటుకున్న మట్టి కూడా విడిగా కవర్లో ఉంచండి, కాలం తేల్చడానికి పనికొస్తాయి. వాటిని అక్సెషన్ రిజిస్టర్లో ఎక్కించేది కలెక్టరు ఉత్తర్వు చేతికొచ్చాకే.