ట్రిప్ బి జోలికి వెళ్లకు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

కారు మైలేజీ ఒకరోజు బాగుంది, ఇంకోరోజు పడిపోయింది అని ఫోన్‌లో వాపోయావు. ఎలా లెక్క కట్టావంటే స్క్రీన్ మీద చూశానన్నావు. ఇంజిన్‌లోకి ఎంత ఇంధనం వెళ్లిందో చూసుకుని కారు కంప్యూటర్ వేసే అంచనా అది. చాలా కార్లలో అసలు కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. ట్రిప్ మీటరూ (సున్నా చేసినప్పటి నుంచి తిరిగిన కిలోమీటర్లు చూపేది; ఏ, బి అని రెండుంటాయి) బంకు రసీదూ దగ్గర పెట్టుకుని నువ్వే కట్టుకో.

ముందు ట్యాంక్ ఫుల్ చేయించు. నాజిల్ టక్కున ఆగగానే చాలు, రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త పోయనివ్వకు. అక్కడే ట్రిప్ ఏ, బి రెండూ సున్నా చెయ్యి. ఈసారి ఎన్ని లీటర్లు పట్టిందో మనకి అనవసరం. మళ్లీ ఫుల్ చేయించినప్పుడు పట్టే లీటర్లే లెక్కలోకి వస్తాయి, ఈలోపు తిరిగిన దూరానికి ఖర్చయింది అదే కదా. ట్రిప్ ఏ మీద 486 కిలోమీటర్లు, రసీదు మీద 30.4 లీటర్లు ఉంటే లీటరుకి దాదాపు 16 కిలోమీటర్లు. కిలోమీటర్లు రసీదు వెనక రాసుకున్నాకే ఏని సున్నా చెయ్యి. నేను ఓసారి ముందు బటన్ నొక్కేసి, తర్వాత పెన్ను కోసం వెతుక్కున్నాను!

బిని మాత్రం ముట్టుకోకు. ఎందుకో చెబుతా విను. ఒకసారి 300 కిలోమీటర్లకి 15 లీటర్లే పట్టింది. లీటరుకి 20 అని మీ పెద్దమ్మ దగ్గర గొప్పలు పోయాను. తర్వాతి 300కి ఏకంగా 25 లీటర్లు. 12కి పడిపోయేసరికి ఇంజిన్‌కి ఏమైందోనని ఒకటే టెన్షన్. తీరా చూస్తే, మొదటిసారి నురగ వల్ల నాజిల్ ముందే ఆగిపోయింది. ఆ వెలితంతా రెండోసారి పూడింది. బి మీద 600, రెండు రసీదులూ కలిపితే 40 లీటర్లు, అంటే 15. ఇరవైనీ పన్నెండునీ కలిపి సగం చేస్తే 16 వస్తుంది, అది తప్పు లెక్క. మొత్తం దూరాన్ని మొత్తం లీటర్లతోనే భాగించాలి.

అందుకే నాలుగైదు ఫుల్ ట్యాంకులయ్యాకే బిని నమ్ము. ట్యాంక్ బాగా తగ్గాకే నింపించు. అర లీటరు తేడా వస్తే 10 లీటర్లలో 5 శాతం, 40 లీటర్లలో ఒక శాతం పైచిలుకు మాత్రమే. కుదిరితే అదే బంకు, అదే పంపు. నేల వాలుగా ఉన్నా పట్టే లీటర్లు మారతాయి.

ఓడోమీటర్ అంకె, అంటే కారు ఇప్పటిదాకా తిరిగిన మొత్తం కిలోమీటర్లు కూడా పక్కన రాసుకో. కొన్ని కార్లలో బ్యాటరీ తీస్తే ట్రిప్ చెరిగిపోతుంది. ఏసీ, ట్రాఫిక్, దూరప్రయాణం, ఏది ఎక్కువైతే అది ఒక్క ముక్కలో రాసుకుంటే చాలు. టైర్లలో గాలి మాత్రం నెలకోసారి చూపించు, అది తగ్గితే మైలేజీ కూడా తగ్గుతుంది.

మీ తమ్ముడు బండి తీసుకెళ్లి మధ్యలో ఐదు లీటర్లు పోయించాడనుకో, కంగారు పడకు. అవి కూడా మొత్తంలో కలుపుకుంటే సరి. వాణ్ణి రసీదు మాత్రం పారేయొద్దను, ఆ బటన్ల మీద చెయ్యి వెయ్యొద్దను.

మీ పెదనాన్న