ట్రాలీ సమస్య: వంతెన ఉదాహరణ ఫిలిప్పా ఫుట్‌ది కాదు

తత్వవేత్త ఫిలిప్పా ఫుట్ గురించి వ్యాసం రాస్తున్న మీరు, ఆమె 1967 వ్యాసమంతా చదివినా, ఐదుగురి మీదికి దూసుకొస్తున్న ట్రాలీని (ట్రామ్ బండిని) ఆపడానికి వంతెన మీద నుంచి మనిషిని తోసే ఉదాహరణ దొరకలేదని రాశారు. అందులో దొరకదండీ. దాన్నీ, ఎక్కువమందిని కాపాడడానికి ఒకరి ప్రాణం తీయవచ్చా అనే ఈ చిక్కుకు 'ట్రాలీ సమస్య' అనే పేరునూ 1976లో ప్రచారంలోకి తెచ్చింది అమెరికన్ తత్వవేత్త జూడిత్ జార్విస్ థామ్సన్.

గర్భస్రావంపై చర్చలో భాగంగా ఫుట్ రాసింది అదుపు తప్పిన ట్రామ్ డ్రైవరు గురించి: ఒకవైపు పట్టాల మీద ఐదుగురు, మరోవైపు ఒకరు. అదే వ్యాసంలో దాని పక్కనే ఇచ్చిన న్యాయమూర్తి ఉదాహరణను దయచేసి వదలకండి, అసలు వాదం అక్కడే ఉంది. అల్లరి మూక చంపబోయే వారిని కాపాడాలని అతను నిర్దోషికి మరణశిక్ష వేయిస్తే అది తప్పని మనకు వెంటనే అనిపిస్తుంది. ఎందుకు? డ్రైవరు ఎటు తిప్పినా ఎవరికో హాని చేయక తప్పదు, కాబట్టి తక్కువ హాని ఎంచుకుంటాడు. న్యాయమూర్తి మాత్రం కొందరికి సాయపడడానికి మరొకరిని చంపుతున్నాడు. సాయం చేయడం కంటే హాని చేయకపోవడమే బలమైన బాధ్యతని ఫుట్ వాదన.

ఇక ఆమె ఉద్యోగం: మొదట ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ కళాశాల, తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. జీవితకాలం 1920–2010. ఎనభై ఏళ్లు దాటాక, 2001లో వచ్చిన ఆమె పుస్తకం 'నేచురల్ గుడ్‌నెస్'కు మీ వ్యాసంలో తప్పక ఒక పేరా ఇవ్వండి.