షీలా మారేది ఏడ్చినప్పుడు కాదు

'యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్' అనే జె.బి. ప్రీస్ట్‌లీ నాటకంలో షీలా మొదటి అంకంలోనే ఏడ్చి తప్పు ఒప్పేసుకుంటుంది కదా, డబ్బున్న ఇంటి పిల్ల ఒక్క రాత్రిలో అంత తేలిగ్గా మారిపోతుందా, నమ్మేలా లేదు అని అడిగారు. ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చేస్తున్నప్పుడు మా స్టూడెంట్ డ్రామా గ్రూపులో షీలా వేషం నేనే వేశాను. ఆరు వారాలు రిహార్సల్స్, మూడు రాత్రులు ప్రదర్శన. మొదట్లో నాకూ మీలాగే అనిపించింది. ఇప్పుడు మాత్రం మీ ప్రశ్నలో ఒక్కటే ఒప్పుకోను: ఆమె మొదటి అంకంలో మారిందన్న మాట.

నాటకం చదవనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. 1912, వసంతకాలం, బ్రమ్లీ అనే కల్పిత పారిశ్రామిక పట్టణం. ఫ్యాక్టరీ యజమాని బర్లింగ్ ఇంట్లో కూతురు షీలా నిశ్చితార్థం విందు జరుగుతుంటుంది. గూల్ అనే ఇన్‌స్పెక్టర్ వచ్చి, ఈవా స్మిత్ అనే అమ్మాయి క్రిమిసంహారక మందు తాగి చనిపోయిందని చెప్పి, ఆ చావుతో ఇంట్లో ఒక్కొక్కరికి ఉన్న సంబంధం బయటికి లాగుతాడు. వారానికి 22 షిల్లింగుల 6 పెన్నీల కూలిని 25 షిల్లింగులు చేయమని అడిగి సమ్మె చేసినందుకు తండ్రి ఆమెను పనిలోంచి తీసేశాడు. ఆ తర్వాత బట్టల షాపులో దొరికిన ఉద్యోగం షీలా ఊడగొట్టింది.

మా డైరెక్టర్ మొదటి వారమే నన్ను ఒక డైలాగ్ దగ్గర ఆపింది. తండ్రి చేసిన పని విన్నాక షీలా అంటుంది, ఈ అమ్మాయిలు చౌకగా దొరికే కూలీలు కాదు, మనుషులు అని. నేను దాన్ని గొంతు పెంచి, ఏదో గొప్ప మాట చెబుతున్నట్టు చెప్పేదాన్ని. "నీకింకా ఈవా ఫొటో చూపించలేదు కదా, ఈ మాట అనడానికి నీకేం ఖర్చయింది?" అని డైరెక్టర్ అడిగింది. నిజమే, అప్పటికి తప్పంతా నాన్నది. జాలిపడటం చాలా తేలిక. నిమిషాల్లో ఇన్‌స్పెక్టర్ ఫొటో చేతికిస్తాడు, దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూసుకుంటుంది, గుర్తుపడుతుంది, గొంతులో ఏడుపు నొక్కుకుని బయటికి పరిగెడుతుంది. ఆ తర్వాత షీలా అంత ధాటిగా, అంత తేలిగ్గా మాట్లాడటం కనబడదు.

షాపులో జరిగింది చూడండి, ఎంత చిన్న విషయమో. తల్లి వద్దన్నా ఒక డ్రెస్ వేసుకుని చూస్తుంది, నప్పదు. అదే డ్రెస్‌ని ఈవా తన ఒంటికి ఆనించి పట్టుకుంటే చక్కగా ఉంటుంది. అద్దంలో చూసుకుంటుంటే వెనక ఈవా తోటి సేల్స్ అమ్మాయి వైపు చూసి నవ్వినట్టు కనబడుతుంది. అంతే. ఆ పిల్లని తీసేయకపోతే మా అమ్మ ఖాతా మూయించేస్తానని మేనేజర్‌కి చెప్పి వచ్చేస్తుంది. ఆ పిల్ల అందంగా లేకపోయుంటే ఈ పని చేసేదాన్ని కాదేమో అని కూడా తనే ఒప్పుకుంటుంది. ఈ ముక్క నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఎవరూ అడక్కుండానే చెబుతుంది.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. అప్పుడు నేను వీకెండ్స్‌లో ఒక బట్టల షాపులో పనిచేసేదాన్ని. స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ జరుగుతున్నప్పుడు వారానికి 20 గంటలే పని, ఆ డబ్బుతోనే అద్దె. ఒకరోజు ట్రయల్ రూమ్ దగ్గర ఒకావిడ మూడు డ్రెస్సులు కుప్పగా కింద పడేసి వెళ్తుంటే, నాతోపాటు పనిచేసే అమ్మాయి "హ్యాంగర్ ఇక్కడుంది అండీ" అంది. మామూలుగానే అంది, రెండడుగుల దూరంలో నేనున్నాను. ఆవిడ వెళ్ళి, ఈ అమ్మాయి నన్ను అవమానించింది అని కంప్లైంట్ చేసింది. మేనేజర్ నన్ను పిలిచి నువ్వేమన్నా చూశావా అని అడిగాడు. నేను స్టాక్ సర్దుతున్నాను, చూడలేదు అన్నాను. ఎందుకన్నానో అప్పుడే తెలుసు: నా షిఫ్టులు పోతాయని టెన్షన్. ఆ అమ్మాయిది జీరో అవర్స్ కాంట్రాక్ట్, గంటలు ఇవ్వాలన్న నిబంధన ఏమీ ఉండదు. తీసేశామని ఎవరూ అనలేదు. తర్వాతి వారం షిఫ్టుల పట్టికలో ఆమె పేరు పక్కన గడులు ఖాళీ. ఆ పై వారం పేరే లేదు.

ఈవా కాలంలో ఇంకా ఘోరం. నన్ను తీసేసిన కారణం సబబు కాదు అని పనివాళ్ళు సవాలు చేసే చట్టం బ్రిటన్‌లో 1971లో గానీ రాలేదు. 1911 నేషనల్ ఇన్సూరెన్స్ చట్టం నిరుద్యోగ భృతి తెచ్చింది గానీ, అది నౌకా నిర్మాణం, ఇంజనీరింగ్ లాంటి కొన్ని రకాల పనులవాళ్ళకే. షాపు అమ్మాయిలు అందులో లేరు. అందుకే షీలా ఒక్క కోపపు మాటకి అంత బరువు.

మూడు వారాల తర్వాత, ఆ అమ్మాయికి వేరే చోట పని దొరికిందని, అదీ ఇంకా మంచి పనేనని విన్నాను. హమ్మయ్య అనుకున్నాను. ఆ రాత్రి నిజంగా హాయిగా నిద్రపట్టింది. అదే వారం మేం మూడో అంకం రిహార్సల్ మొదలుపెట్టాం.

మూడో అంకంలో ఏమవుతుందంటే, వచ్చినవాడు అసలు పోలీసే కాదని తేలుతుంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఈరోజు అలాంటి అమ్మాయెవరూ చనిపోలేదంటారు. ఇంకేముంది, బర్లింగ్ నవ్వుతూ గ్లాసు నింపుకుంటాడు, తల్లి తేలికపడుతుంది, కాబోయే భర్త జెరాల్డ్, షీలా అంతకుముందు తిరిగిచ్చేసిన ఉంగరం మళ్ళీ ఇవ్వబోతాడు. షీలా, ఆమె సోదరుడు ఎరిక్ మాత్రం కలవరు. చావలేదు కాబట్టి మనం చేసినవి చేయనట్టేనా అన్నది ఆమె పట్టు. ఆ సీన్‌లో నేను డైలాగ్ మధ్యలో ఆగిపోయాను, మర్చిపోయాననుకుని ప్రాంప్టర్ రెండుసార్లు అందించింది. మర్చిపోలేదు. నేను 'హమ్మయ్య' అనుకున్న రాత్రి గుర్తొచ్చింది. నేను వేస్తున్నది షీలా వేషం, బతుకుతున్నది బర్లింగ్‌లా.

అందుకే మీకు చెప్పేది, ఆమె మార్పుని కన్నీళ్ళలో వెతక్కండి. ఫొటో చూసి ఏడవడం భయంతో కూడా జరుగుతుంది, పట్టుబడ్డవాళ్ళందరూ ఏడుస్తారు. భయపడాల్సిన పనే లేదని తెలిశాక కూడా, తప్పించుకునే దారి తలుపు తీసి చూపించాక కూడా అవతలికి పోకుండా నిలబడటం, అదీ తన వాళ్ళందరి మధ్య, కాబోయే భర్త ఉంగరం చాపి నిలబడితే ఇప్పుడే కాదు, ఆలోచించుకోవాలి అనడం, అక్కడ నాకు ఆమె మారినట్టు కనబడుతుంది. ఆ 'ఆలోచించుకోవాలి' కూడా ఎంత చిన్న మాటో గమనించండి. ఇల్లొదిలి పోతాననలేదు, ఉంగరం విసిరికొట్టలేదు. ఒక్క రాత్రిలో మనిషి కదలగలిగేది అంతే, ప్రీస్ట్‌లీ అంతకన్నా ఎక్కువ కదిలించలేదు కాబట్టే నాకు నమ్మకం కుదిరింది.

ఒక అసంతృప్తి ఉంది. ఈవా స్టేజి మీదికి ఒక్కసారి కూడా రాదు. ఆమె చావు మీద షీలా పాఠం నేర్చుకుంటుంది, ఆమె గొంతు మాత్రం మనకి వినబడదు. ఈ నాటకం తొలిసారి ఆడింది 1945లో సోవియట్ యూనియన్‌లో, లండన్‌కి 1946లో వచ్చింది. రెండు యుద్ధాలు చూసొచ్చి కూర్చున్న జనానికి, టైటానిక్ మునగదు, యుద్ధం రాదు అని చెప్పే బర్లింగ్ మాట ఎంత తప్పో తెలుసు, కాబట్టి కూతురి వైపు నిలబడటం తేలికైంది. ఈవా వైపు నిలబడ్డారా అన్నది వేరే ప్రశ్న, నాకు ఇప్పటికీ తెగలేదు.

చివరి ప్రదర్శన అయ్యాక మేకప్ కూడా తీయకుండా, వింగ్‌లో మెట్ల మీద కూర్చుని ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాను. ఆరోజు నేను చూశాను, నీ తప్పు లేదు, మేనేజర్‌కి అబద్ధం చెప్పాను అని. రెండు రోజులకి జవాబొచ్చింది. "తెలుసు. అద్దంలో నువ్వు కనబడ్డావు."