ప్రొటీన్‌ను ఒకసారి ఉడకబెట్టి చూడు బిడ్డా

బిడ్డా, ఢిల్లీల ఎన్ఐఐల (ఇమ్యునాలజీ, అంటే రోగనిరోధక శక్తి మీద పరిశోధన చేసే సంస్థ) పీహెచ్‌డీ సీటొచ్చిందని మీ నాయిన బత్తాయి తోటల నుంచే ఫోన్ చేసిండు, సంతోషంల మాట గూడ సక్కగ వస్తలేదు ఆయనకు. నాకు సంతోషం ఎంతనో బుగులు గూడ అంతే. పెద్దమ్మ అన్నిటికీ బుగులు పడ్తదని నవ్వకు, ఇమ్యునాలజీ ల్యాబ్ల ఉండి వచ్చినదాన్నే నేను గూడ.

నెలనెలా వచ్చే జేఆర్ఎఫ్ స్కాలర్‌షిప్ 37,000 ఒక్కోసారి లేటయితది, రెండు నెలల ఖర్చు చేతిల పెట్టుకో. గైడును ఎంచుకునే ముందు ఆయన దగ్గర చదివినోళ్లను పట్టుకొని అడుగు, ఎన్నేండ్లకు బయటపడ్డరని. నోట్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయి. ఇవన్నీ నీకు తెల్సినయే.

తెలియంది ఒకటుంది. మా ల్యాబ్ల ఒక సీనియరన్న ఉండె. టీబీ బ్యాక్టీరియా ప్రొటీన్ ఒకదాన్ని ఈ.కోలై అనే ఇంకో బ్యాక్టీరియాల తయారుచేసి ఎలుక మ్యాక్రోఫేజుల (క్రిములను మింగే రక్షణ కణాలు) మీద ఏస్తే టీఎన్ఎఫ్ (ఆ కణాలు ఇడిసే వాపు సిగ్నల్) మస్తుగ వచ్చె. రెండేండ్లు దాని మీదనే కూసున్నడు పాపం, గ్రాఫులు చూస్తే ముచ్చటేసేది. ఒక మీటింగ్ల ముసలి సారొకాయన లేచి "ఉడకబెట్టి ఏసినవా బాబూ" అని ఒక్కటే మాట అడిగిండు. వచ్చి ఉడకబెట్టి ఏసిండు, టీఎన్ఎఫ్ అంతకంతే వచ్చె! ప్రొటీన్లు శానామటుకు ఉడికితే పాడైతయి గద, పాడు గానిది ఈ.కోలై పై పొరల ఉండే ఎల్పీఎస్ అనే పదార్థం, కణాలు ఉలిక్కిపడ్డది దానికన్నట్టు. ఇగ ఆ పొద్దు ల్యాబ్ల ఎవ్వరం అన్నం తినలే. మళ్ల మొదటికెల్లి శుద్ధి చేసుకుంట వచ్చి డిగ్రీ తెచ్చుకునేసరికి ఆయన తోటోళ్లు ఉద్యోగాలల్ల ఉన్నరు.

ఆ ఎల్పీఎస్‌ను పట్టేది కణం మీది టీఎల్ఆర్4 అనే రిసెప్టర్ అని బ్రూస్ బాయిట్లర్ అనే సైంటిస్టు వాళ్లు 1998ల తేల్చిన్రు, 2011ల ఆయనకు నోబెల్ గూడ వచ్చింది, అది నీకు పరీక్షల పాఠం. బెంచి మీద మాత్రం ఎల్పీఎస్ కనపడదు, ఆటోక్లేవ్‌కు (ఆవిరితోటి క్రిములను సంపే యంత్రం) పోదు, గాజు సామాన్లను 250 డిగ్రీల ఓవెన్ల అర్ధగంట పొడిగ కాల్చాలె. ప్రతి బ్యాచ్‌కు ఎల్పీఎస్ ఉందో లేదో చూపే ఎల్ఏఎల్ టెస్టు చెయ్యి. ఉడకబెట్టింది ఒకటి, ఎల్పీఎస్‌ను పట్టి ఆపే పాలిమిక్సిన్-బీ కలిపింది ఒకటి పక్కపక్కనే పెట్టు, పాలిమిక్సిన్ ఒక్కదాన్నే నమ్ముకోకు, బ్యాక్టీరియా లిపోప్రొటీన్లు (కొవ్వు అంటిన ప్రొటీన్లు) కలిసి ఉంటే అవి టీఎల్ఆర్2 అనే ఇంకో రిసెప్టర్ దారిల వస్తయి, పాలిమిక్సిన్‌కు దొరకవు. రిజల్ట్ మంచిగొచ్చిన రోజు గైడు రూముకు ఉరకకు, ముందుగాల ఇవి ఏసి చూడు.

కణాలను గడ్డకట్టించి దాచే లిక్విడ్ నైట్రోజన్ గురించి గట్టిగనే చెప్తున్న, తిట్టినా అనుకో. లీటరు ఆవిరైతే ఏడు వందల లీటర్ల దాకా గ్యాసైతది, వాసనుండదు, చిన్న రూముల ఊపిరాడక పడిపోతే చూసేటోళ్లు ఉండరు. రాత్రిపూట ఒక్కదానివే పోకు. అండ్లకెల్లి వయల్ (కణాలుండే చిన్న సీసా) తీసేటప్పుడు మొహానికి షీల్డ్ పెట్టుకో, అది పగిలితే కండ్లే పోతయి. జుట్టు ముడేసుకో. అక్కడ చలికి నీ ముక్కు ఊరికే కారుతది, స్వెటర్ ఏసుకొనే బయటికి పో.

ఇంకోటి, మీ అమ్మకు నువ్వే ఫోన్ చేసి చెప్పు, ఇది మందులు రాసే డాక్టర్ గాదని. ఊర్ల ఇప్పటికే ఇద్దరు నీకు మోకాళ్లు చూపించుకుంటమని కూసున్నరంట.

- పెద్దమ్మ