పాఠకుల ప్రశ్నలు: స్టైన్‌బెక్ నవలల్లోని మనుషులు

ప్రశ్న: అమెరికన్ రచయిత జాన్ స్టైన్‌బెక్ ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’ చివరి పుట నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. బిడ్డను పోగొట్టుకున్న బాలింత ముక్కూ మొహం తెలియని మగవాడికి పాలివ్వడం అవసరమా? కథ కూడా సగంలో ఆపేసినట్టుంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీకు కలిగిన ఇబ్బందే అచ్చుకు ముందు ఆ నవల సంపాదకుడు పాస్కల్ కోవిచికీ కలిగింది. ముగింపు మరీ హఠాత్తుగా ఉందని, ఆ మనిషిని కథలోకి కాస్త ముందుగా తీసుకురమ్మని సూచిస్తే, 1939 జనవరిలో రాసిన ఉత్తరంలో స్టైన్‌బెక్ ససేమిరా అన్నారు. అతను అపరిచితుడే కావాలి, ఆ సంఘటన అనుకోకుండా, చప్పున జరిగిపోవాలి అన్నది ఆయన పట్టుదల.

అపరిచితుడే ఎందుకో తెలియాలంటే నవలలోని జోడ్ కుటుంబపు తల్లిని మొదటి నుంచి గమనించాలి. ఓక్లహోమాలో సేద్యం చేసుకునే భూమి చేజారి, పాత బండిలో 66వ నంబరు రహదారి మీదుగా కాలిఫోర్నియాకు బయలుదేరినప్పుడు ఆమెకు కుటుంబమే లోకం. దారిలో రెండు జట్లుగా విడిపోదామన్న మాట వచ్చినప్పుడు జాకీ కడ్డీ చేతబట్టి భర్తకే ఎదురుతిరుగుతుంది. ఎడారి దాటే రాత్రి అత్తగారు చనిపోయినా, సంగతి తెలిస్తే బండి అవతలికి చేరదేమోనన్న భయంతో, ఎవరికీ చెప్పకుండా తెల్లవార్లూ శవం పక్కనే పడుకుంటుంది. గుప్పిట అంత బిగించినా మనుషులు జారిపోతూనే ఉంటారు: పెద్ద కొడుకు నోవా ఏటి ఒడ్డున ఉండిపోతాడు, అల్లుడు కోనీ చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతాడు, మరో కొడుకు టామ్ తన స్నేహితుడు కేసీని చంపినవాణ్ణి చంపి అజ్ఞాతంలోకి వెళ్తాడు. ఇల్లు ఖాళీ అవుతున్నకొద్దీ ఆమె దృష్టిలో ‘మనవాళ్ళు’ పెరుగుతూ పోతారు. ఒకప్పుడు ముందు కుటుంబం, ఇప్పుడు ఎవరైనా సరే అని ఆమె చివర్లో పొరుగింటి ఇల్లాలితో అంటుంది.

కూతురు రోజ్ ఆఫ్ షారన్ తన కడుపులోని బిడ్డ గురించి తప్ప మరొకటి తలవని పిల్ల. నవలలో చాలా మేరకు ఆమె మీద విసుగే పుడుతుంది. ఆ పిల్లే, వరద ముంచెత్తుతుండగా ప్రాణంలేని బిడ్డను కని, ఒక గడ్డికొట్టంలో, తన వాటా తిండి కొడుక్కు పెట్టి ఆరు రోజులుగా పస్తున్న మనిషి ఎదుటికి వస్తుంది. తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకుంటారు, అంతే. అతను చుట్టమో, తెలిసినవాడో అయితే దాన్ని మమకారం అనుకుని సరిపెట్టుకునేవాళ్ళం. ఆ పుట లేకపోతే తల్లి అన్న మాట మాటగానే మిగిలిపోయేది. ఇక కథ ముగియలేదన్నది నిజమే. వాళ్ళకు మళ్ళీ పని దొరికిందో లేదో రచయిత చెప్పలేదు. 1940లో జాన్ ఫోర్డ్ తీసిన సినిమా ఈ ఘట్టం జోలికే పోకుండా తల్లి ధైర్యవచనాలతో ముగుస్తుంది. మంచి సినిమాయే గానీ, నా మనసు ఆ గడ్డికొట్టంలోనే ఉండిపోయింది.

ప్రశ్న: ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ (1937)లో కర్లీ భార్యకు పేరే లేదు. రచయితకు ఆడవాళ్ళంటే చిన్నచూపా?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: కూలీల బసలో ఆమెను పేరుతో పిలిచేవారు ఒక్కరూ లేరు. యజమాని కొడుకు పెళ్ళాం గనుక, పలకరిస్తే పని పోతుందని వాళ్ళ భయం. పేరు లేకపోవడంలో ఆ భయమే ఎక్కువగా కనిపిస్తుంది. అదే కథ నాటకంగా న్యూయార్క్‌లో ఆడినప్పుడు, ఆ పాత్ర వేసిన క్లేర్ లూస్‌కు స్టైన్‌బెక్ ఉత్తరం రాసి, పైకి ఎలా కనిపించినా ఆమె చెడ్డ పిల్ల కాదని వివరించారు. అలాగని ఆమెను అమాయకురాలిగానూ దిద్దలేదు: నల్లజాతివాడైన క్రుక్స్ ఎదురుచెప్పగానే, తలచుకుంటే ఉరితీయించగలనని బెదిరించేది ఆమే. నా ఫిర్యాదు మరొకటి. ఆమె ముఖం సాదాగా, అందంగా ఉందని రచయిత తీరిగ్గా చూసి చెప్పేది ఆమె చనిపోయిన తరువాతనే.

ప్రశ్న: ‘ఈస్ట్ ఆఫ్ ఈడెన్’ (1952)లో ‘టిమ్షెల్’ అన్న ఒక్క మాటకు అంత ప్రాధాన్యం ఎందుకు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: బైబిలులో తమ్ముణ్ణి చంపిన కయీను కథలో, పొంచి ఉన్న పాపం గురించి దేవుడు అతనితో అన్న మాట అది. నవలలోని ట్రాస్క్ ఇంటి వంటవాడు లీ, నలుగురు చైనా వృద్ధపండితులు రెండేళ్ళు హీబ్రూ నేర్చుకుని ఆ మాటను తేల్చిన వైనం చెబుతాడు: ఒక ఇంగ్లీషు అనువాదంలో అది వాగ్దానం, మరొకదానిలో ఆజ్ఞ, మూలంలో మాత్రం మనిషికి వదిలేసిన ఎంపిక. మన తెలుగు బైబిలులో (పాపాన్ని) ‘ఏలుదువు’ అని ఉంది, అంటే వాగ్దానం వైపే మొగ్గింది. లీ చెప్పే అర్థం రావాలంటే ‘ఏలవచ్చును’ అనాలి. కొడుకు కాల్‌కు ఆడమ్ ట్రాస్క్ చెప్పే ఆఖరి మాట ఇదే. కానీ కాల్‌ను కన్న కేథీని పుట్టుకతోనే రాక్షసి అన్నప్పుడు రచయిత ఆ ఎంపికను ఆమెకు దక్కనివ్వలేదు. ఆ సంగతి ఆయనకూ తట్టినట్టుంది. ఆమెను రాక్షసి అనడం నిజమేనా అని నవల మధ్యలో తానే సందేహపడతారు.