పెరిగే పిల్లలకి బూస్ట్, హార్లిక్స్, బోర్న్‌వీటాల్లో ఏది మంచిది?

రాజమండ్రిలో నాదో మెడికల్ షాపు. ఈ ప్రశ్న రోజూ కౌంటరు అవతలి నుంచి వింటూనే ఉంటాను. మీ అబ్బాయికి ఏడేళ్ళు, బక్కగా ఉన్నాడు, ఉత్తి పాలు తాగడు, ఏ పొడి కలిపితే బలం అని అడిగారు. నన్నడిగితే ఏదైనా ఒకటే. పాలకి రుచి రావాలంటే చెంచాడు వేసుకోండి, తప్పులేదు. బలం కోసం అయితే మాత్రం డబ్బు దండగ. హార్లిక్స్ మా ఊళ్ళోనూ తయారవుతుంది, ఊరి మీద అభిమానం లేక చెప్పడం లేదు.

డబ్బాకి ముందు వైపు రాసేది అమ్ముకోవడానికి, వెనక రాసేది చట్టానికి భయపడి. నేను వెనక వైపే చదువుతాను. మా కస్టమర్లలో డబ్బా తిప్పి చూసేవాళ్ళు అరుదు. డబ్బాతో బొమ్మ ఫ్రీ ఉందా లేదా అన్నది మాత్రం తప్పకుండా చూస్తారు.

మొన్నామధ్య ఎండాకాలంలో, ఓఆర్ఎస్ (విరేచనాలప్పుడు నీళ్ళలో కలిపి పట్టే ఉప్పు, గ్లూకోజు పొడి) పేరు మీద ఇంకా గొడవ తేలకముందు సంగతి. మిట్టమధ్యాహ్నం ఒకాయన బండి మీద వచ్చాడు. వెనక వాళ్ళమ్మ, ఆవిడ ఒళ్ళో నాలుగేళ్ళ పిల్లాడు, తల వాల్చేసి ఉన్నాడు. పొద్దుట్నుంచీ విరేచనాలట. "ఓఆర్ఎస్ జ్యూస్ ఇవ్వండి, ఆరెంజ్ ఫ్లేవర్" అన్నాడు. నేను పొడి ప్యాకెట్టు తీసి, లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో మొత్తం కలిపి గుక్క గుక్కగా పట్టమన్నాను. "ఇది ఉప్పుప్పగా ఉంటుందండీ, వాడు ఊసేస్తాడు. అట్టపెట్టెలో వస్తుంది చూడండి, అదివ్వండి" అని షెల్ఫులోకి వేలు చూపించాడు.

అవును, అప్పట్లో నా షెల్ఫులోనూ ఉండేది. పెట్టకపోతే పక్క షాపుకి పోయేవారు, అద్దె నేను కట్టుకోవద్దూ? పెట్టె తీసి, తిప్పి, చీమ తలకాయంత అక్షరాల్ని ఫోనులో పెద్దవి చేసి ఆయనకి చదివి వినిపించాను. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ కాదు అని వాళ్ళే రాసుకున్నారు. ముందు వైపు ఆ మూడక్షరాలూ బొటనవేలంత ఉన్నాయి. ఆయన ఏమీ అనలేదు గానీ, వాళ్ళమ్మ అంది: "కానప్పుడు అంత పెద్దగా ఎందుకేశారు నాయనా?" నా దగ్గర జవాబు లేదు. ఉంటే ఆ కంపెనీ వాళ్ళ దగ్గరే ఉండాలి.

అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకి గ్లూకోజు 13.5 గ్రాములే. ఉప్పుతో కలిసి నీటిని ఒంట్లోకి లాగడానికి అది చాలు. అంతకి ఎన్నో రెట్లు చక్కెర పోసిన తీపి నీళ్ళు పడితే, పేగులు ఒంట్లో నీటినే బయటికి లాగి విరేచనాలు ఇంకా ఎక్కువ చేస్తాయి. ఇదే మాట మీద హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా కాని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాటే వాడొద్దంది.

ఆయన పొడి ప్యాకెట్టే తీసుకున్నాడు లెండి. పక్క కొట్టు ముందు బండి ఆపడం కూడా చూశాను.

ఇక మీ డబ్బాల సంగతి. చక్కెర మరీ ఎక్కువని 2023లో పెద్ద రచ్చ అయ్యాక బోర్న్‌వీటాలో కలిపే చక్కెరని నూరు గ్రాములకి 37.4 నుంచి 32.2 గ్రాములకి తగ్గించారు. తగ్గాకే అంత! దాని మీద అమ్మ ఇంకో చెంచా పంచదార వేస్తుంది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, ఆన్‌లైన్ షాపులవాళ్ళని ఇలాంటివన్నీ 'హెల్త్ డ్రింకులు' అన్న వరుసలోంచి తీసేయమంది. 2006 ఆహార భద్రత చట్టంలో హెల్త్ డ్రింక్ అన్నదానికి నిర్వచనమే లేదు. అయినా కౌంటరు దగ్గర అందరూ అదే పేరుతో అడుగుతారు.

వీటికన్నా నాకు ఒళ్ళు మండేది టీ. స్కూలుకెళ్ళే ముందు పిల్లకి టీ, అందులో ముంచుకోడానికి నాలుగు బిస్కెట్లు, అదే టిఫిను. టీ, తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. ఆ తర్వాత పిల్ల పాలిపోయిందని ఐరన్ సిరప్ కోసం నా దగ్గరికే వస్తారు. పాలు కూడా అంతే, మంచివి కదా అని రోజుకి లీటరు పట్టిస్తే ఆకలి చచ్చి అన్నం ముట్టడు. అర లీటరు దాటనివ్వకండి.

మా ఇంట్లో పిల్లలకి పొద్దున రాగి జావ, మధ్యాహ్నం పల్చటి మజ్జిగ. నూరు గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని హైదరాబాదు పోషకాహార సంస్థ పట్టికల్లో ఉంది. పిండిని ముందు చన్నీళ్ళలో కలుపుకుని, ఆ తర్వాతే మరిగే నీళ్ళలో పోయాలి, లేకపోతే ఉండలు కడుతుంది. పిల్లలు జావ తాగరన్న మాట సగం ఈ ఉండల వల్ల వచ్చిందే. పాలు పోసేట్టయితే బెల్లం దింపాక వేయండి, విరగదు.

బక్కగా ఉన్నాడన్నది మీ మాటా, చుట్టాల మాటా? సగం డబ్బాలు అమ్ముడుపోయేది "ఏమ్మా, ఎదగలేదేం?" అని అడిగే పిన్నుల వల్లే. ఆ వయసులో ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరిగితే బాగా పెరుగుతున్నట్టే. గోడ మీద పెన్సిలు గీత గీసి చూసుకోండి. గీత కదలకపోతే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి, నా షాపుకి కాదు.